బీల నీటికి ఏ రంగు ఎర

ఆ బుధవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు బీల గట్టు మీద ఉన్నది ఇద్దరం: మా బావ, నేను. వెంట ఉన్న వస్తువులు: ఏడడుగుల గాలపు కర్ర, దాని చక్రం, రేకు పెట్టెలో లోహంతో, రబ్బరుతో చేసిన ముప్పై ఒక్క ఉత్తుత్తి ఎరలు, ప్లాస్టిక్ స్టూలు, గొడుగు, సగం తెలుపూ సగం నలుపూ రంగు వేసిన స్టీలు పళ్లెం, దానికి కట్టిన తాడు, నా నోటుపుస్తకం, మా అక్క ఇచ్చి పంపిన నీళ్ల సీసా. ఆ సీసా మీద అక్క గోళ్లరంగుతో ఎనిమిది గీతలు గీసింది. గీతకు వంద మిల్లీలీటర్లు. రోజు మొత్తానికి బావ తాగడానికి వీలున్న నీళ్లు అవే. టీ తాగినా, చారు పోసుకున్నా, మాత్ర మింగినా ఆ మేరకు సీసాలోంచి తీసేసేది.

బీల అంటే మా ఉద్దానంలో కొబ్బరితోటలకీ సముద్రపు ఇసుకదిబ్బలకీ మధ్య పల్లంలో నిలిచే మంచినీటి చిత్తడి. తుంగ, కలువ, నాచు. వాటి కింద కొరమీను.

బావ పారాదీప్‌లో పదకొండేళ్లు వెల్డరు. సెలవురోజుల్లో తోటి పనివాడి దగ్గర ఉత్తుత్తి ఎరతో చేపలు పట్టడం నేర్చుకున్నాడు. రెండు కిడ్నీలూ పోయాయని తేలాక అక్కణ్ణుంచి తెచ్చుకున్నవి ఒక గాలపు కర్ర, ఒక రేకు పెట్టె, ఆసుపత్రి కాగితాల సంచి. మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. మా వీధిలో అలా వెళ్లేవాళ్లు మరో ఇద్దరు ఉన్నారు. ముగ్గురికీ కలిపి ఒకే ఆటో.

నేను డిప్లొమా చదివి మంచినీటి పథకం ల్యాబులో పనిచేస్తున్నాను. ఊళ్లకు వెళ్లే నీటిలో మడ్డి ఎంత, క్లోరిన్ ఎంత అని రోజుకు మూడుసార్లు కొలిచి రాస్తాను. మావైపు ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయని నీటిని అనుమానించారు, మట్టిని అనుమానించారు, ఎండలో చేసే పనిని అనుమానించారు. ఏదీ తేలలేదు. నేను కొలిచేవాటిలో ఆ జవాబు లేదు. అయినా కొలుస్తాను.

బావ ఇంట్లో కూర్చుని గోడలు చూడడం మొదలుపెట్టాక చేపలకు వెళ్దామని నేనే అన్నాను. అక్క ఒప్పుకుంది గానీ నాలుగు షరతులు పెట్టింది. బుధవారం, ఆదివారం మాత్రమే. నేను తోడు ఉండాలి. సీసా దాటి గుక్క తాగకూడదు. ఒక్క చేప పడగానే ఇంటికి వచ్చేయాలి. నాలుగోదాన్ని ఆమె మిగతా మూడింటికంటే గట్టిగా చెప్పింది.

"ఒరే తమ్ముడా, ఒక్క సేప పడితే సాలు, బేగి తిరిగొచ్చీయండి. ఎండెక్కితే దాహం ఎక్కుతాది. నీ బావని నేను నమ్మను, నిన్ను నమ్ముతన్నాను."

"ఏటే, నేను దొంగనేటి?" అన్నాడు బావ.

"మరి నిన్న సారు గిన్నె నాకీసినదెవులు? పిల్లేటి?"

బావ నవ్వి చెప్పులు వేసుకున్నాడు. ఆ నవ్వుకు అక్క కూడా నవ్వింది. అది పుష్యమాసం చివర. బీలలో నీళ్లు ఇంకా నిండుగా ఉన్నాయి.

బావకు ఎర రంగు ఎంచడంలో ఒక వరస ఉండేది. ముందు నీళ్లు చూసేవాడు. తర్వాత ఆకాశం చూసేవాడు. ఆ రెండూ అయ్యేదాకా పెట్టె మూత తీయనిచ్చేవాడు కాదు.

"పెట్టె ముందు తీసినోడికి అందులో ఉన్న రంగులే కనబడతాయి. నీల్ల రంగు కనబడదు," అనేవాడు. "ఇనుము కాలితే ఎంత కాలిందో దాని రంగే సెప్తాది. నీల్లూ అంతే. అడగాల."

నాకు అడగడం రాదు, కొలవడం వచ్చు. పళ్లేన్ని తాడుతో నీళ్లలోకి దించుతాను. నలుపు తెలుపు తేడా తెలియకుండా పోయిన చోట ఆపి, తాడు మీద ముడులు లెక్కపెడతాను. ముడికి ఐదు సెంటీమీటర్లు. ఎంత లోతున పళ్లెం మాయమైతే నీళ్లు అంత తేట.

"ఒరే బామ్మర్దీ, వట్టి పల్లెం ముంచుతావేటిరా? కాసింత కూర కూడా ఎయ్యి. సేపలు కూసుని తింతాయి."

అలా వెక్కిరిస్తూనే నా అంకెలన్నీ విని తన రంగులు చెప్పేవాడు. నేను పట్టికగా రాసుకున్నాను. పళ్లెం డెబ్బై సెంటీమీటర్లు దాటి కనిపిస్తే తేట నీరు. అప్పుడు చిన్న ఎర, నీళ్లలో నిజంగా తిరిగే చేపపిల్ల రంగు: వెండి, లేత ఆకుపచ్చ. మెరుపులెక్కువైతే చేప బెదిరిపోతుంది. నలభైకీ డెబ్బైకీ మధ్య అయితే కొబ్బరి మట్టలు నాని టీ రంగు తిరిగిన నీరు. దానికి రాగి రేకు, బంగారు రేకు. ఆ నీటిలో వెండి చచ్చుగా ఉంటుంది, రాగి వెలుగుతుంది. పదిహేనుకీ నలభైకీ మధ్య అయితే వేసవిలో పాచి పట్టిన పచ్చనీరు. తెలుపు, లేదా నారింజ. పదిహేను లోపు అయితే కొత్త వాన ఎర్రమట్టి. అప్పుడు పెద్ద నల్ల కప్పబొమ్మ, లేదా కళ్లు చెదిరే నిమ్మపసుపు. మబ్బు పట్టి ఉంటే ఏ నీటికైనా నలుపే.

నలుపు ఎందుకో నాకు అర్థం కాలేదు. మసక నీటిలో మసక వెలుతురులో నల్ల ఎర ఏం కనిపిస్తుందని అడిగాను.

"నువ్వు పైనుంచి సూస్తన్నావు. సేప కిందనుంచి సూస్తాది. దానికి ఆకాశం తెల్ల గోడరా. తెల్ల గోడ మీద బొగ్గుతో గీస్తే కనబడదేటి?"

దాన్ని కూడా రాసుకున్నాను.

మొదటి తొమ్మిదిసార్లలో ఏడు కొరమీనులు పడ్డాయి. పడనివి రెండు రోజులు. ఆ రెండు రోజులూ గాలి ఎక్కువ. నా పట్టిక పనిచేస్తోంది. చాలాసార్లు ఏడు కాకముందే ఇంట్లో ఉండేవాళ్లం. అక్క రెండు ముక్కలు వేరుగా, ఉప్పు లేకుండా, పులుసు లేకుండా బావకు వేయించేది. మిగతాది మేము తినేవాళ్లం. ఆ రోజుల్లో మేం తిరిగొచ్చేసరికి సీసాలో ఒక గీత తగ్గేది, అంతే.

శివరాత్రి వెళ్లాక చేపలు పడడం మానేశాయి.

తర్వాతి పద్నాలుగుసార్లలో పడింది ఒకటి. బీల తగ్గుతోంది కాబట్టి చేపలు ఇంకా దగ్గరగా ఉండాలి. ఇంకా సులువుగా పడాలి. మారిందల్లా ఒకటే: బావ పట్టికను పక్కన పెట్టాడు. పళ్లెం ముప్పై దగ్గర మాయమైందని నేను చెబితే పెట్టెలో వెతికి వెతికి లేత ఆకుపచ్చ తీసేవాడు. పాచి నీటిలో ఆకుపచ్చ ఎర. నేను రెండుసార్లు కాదన్నాను. నడివేసవిలో ఒక గాలివాన వచ్చి నీళ్లు ఎర్రబడితే సన్నటి వెండి చేపపిల్లను కట్టాడు. పళ్లెం పన్నెండు దగ్గరే పోయింది. ఆ నీటిలో ఆ ఎరను చేప మూతికి కట్టినా కనపడదు.

"బావా, ఇది నువ్వు చెప్పినదానికి తలకిందులు."

"రోజూ ఒకే పాటేటిరా? సేపలకీ ఇసుగొస్తాది."

నేను నోటుపుస్తకంలో "బావ ఇష్టం" అని కొత్త వరుస గీసి రాయడం మొదలుపెట్టాను. ప్రయోగం చేస్తున్నాడనుకున్నాను. తొమ్మిది దాకా, పది దాకా ఉండేవాళ్లం. ఎండ ఎక్కుతోందని బావ మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి నిలబడేవాడు. నేను గట్టు వెంట నడిచి వేర్వేరు చోట్ల పళ్లెం దించి వచ్చేవాణ్ణి. ఒక్కచోట కొలిస్తే చాలదని మాకు కాలేజీలో నేర్పారు.

నా దగ్గర రెండో పట్టిక కూడా ఉంది. డయాలసిస్‌కు ముందు బావ బరువు. ఒంట్లో నీరంతా తీశాక అతను యాభై రెండు కిలోలు. మళ్లీ డయాలసిస్ మంచం ఎక్కేసరికి ఎంత పెరిగాడన్నది అతను తాగిన నీరు. రెండు కిలోలు దాటకూడదన్నారు. ఫాల్గుణం నుంచి గురువారాలు మూడున్నర, మూడు పాయింట్ ఎనిమిది, నాలుగు కిలోల పెరుగుదల చూపిస్తున్నాయి. డయాలసిస్ సెంటర్‌లో నర్సు అక్కను నిలబెట్టి తిట్టింది. అక్క ఇంటికి వచ్చి కుండకు తాళం పెట్టలేక, కుండనే పక్కింట్లో పెట్టింది. చారు మానేసింది. కూరలను ఉడికించి నీళ్లు వంపేసి పెట్టింది. స్నానాల గదిలో బకెట్టు నింపి ఉంచడం మానేసింది.

"నాదే తప్పేమోరా. నిద్దట్లో నేనే పోసీసి ఇచ్చీస్తన్నానేమో," అంది ఒకరోజు నాతో. నవ్వుతూ అనలేదు.

నేను పట్టిక తెరిచి చూశాను. మంగళవారం బరువు ఎక్కువ. దానికి కారణం ఉంది, శనివారం తర్వాత మూడు రోజుల ఎడం. గురువారం కూడా ఎక్కువ. శనివారం మాత్రం ఒకటి పాయింట్ తొమ్మిది, రెండు, ఒకటి పాయింట్ ఎనిమిది. మంగళవారం నుంచి గురువారానికి రెండు రోజులు. గురువారం నుంచి శనివారానికీ రెండు రోజులే. అదే ఇల్లు, అదే అక్క, అదే సీసా. ఒకదానిలో బుధవారం ఉంది, రెండోదానిలో లేదు. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మామూలుగా ఒక లెక్క కుదిరితే నాకు సంతోషం. ఆ పూట అన్నం తినలేదు.

మరుసటి బుధవారం నేను పళ్లెం పట్టుకుని రోజూలాగే గట్టు వెంట వెళ్లి తుంగ వెనక కూర్చున్నాను. పళ్లెం దించలేదు. బావ నీళ్లలో నిలబడి ఎర విసిరాడు. చక్రం తిప్పాడు. వంగి ఎరకు పట్టిన నాచు తీస్తున్నట్టు చేయి ముంచాడు. ఆ చేయి నోటిదాకా వెళ్లింది. మళ్లీ విసిరాడు. మళ్లీ వంగాడు. పదకొండోసారి లెక్కపెడుతుండగా కర్ర వంగింది. పాచి నీటిలో ఆకుపచ్చ ఎరనైనా ఒక కొరమీను చూసింది. తోక నీళ్ల మీద కొట్టిన చప్పుడు నా దాకా వచ్చింది. పెద్దది. బావ ముఖంలో నేను అప్పుడు చూసినది భయం. కర్ర ఎత్తలేదు, దించాడు. దారం వదులు చేసి నిలబడ్డాడు. చేప రెండుసార్లు తల విదిల్చుకుని పోయింది.

నేను తుంగలోంచి లేచి వచ్చాను.

"ఒగ్గీసి పోనాదిరా," అన్నాడు.

"అది వదల్లేదు బావా. నువ్వు వదిలావు."

అతను చక్రం తిప్పాడు. ఎర వచ్చి కర్ర చివర వేలాడింది. దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు.

"సేప పడితే ఇంటికెల్లిపోవాల గదరా."

నేను పళ్లెం గట్టు మీద పెట్టాను.

"ఇంటికాడ కుండకి మీ అక్క కాపలా. ఇక్కడికి నిన్ను పంపినాది. నువ్వేమో పల్లేనికి కాపలా." నవ్వబోయాడు. "నాలిక సెక్కలాగయిపోతాదిరా. రాత్రీ నీల్లే, పగలూ నీల్లే. కలలోనూ అవే. ఇక్కడ కాల్లు మునిగి ఉంటే ఒంటికి తెలుస్తాది. సెయ్యి ఊరుకోదు."

"ఈ నీళ్లు తాగకూడదు బావా. పాచి. పశువులు దిగే నీళ్లు."

"మంచి నీల్లు తాగి ఏం బాగుపడ్డానురా?"

ఆ నీళ్లు మంచివని రోజుకు మూడుసార్లు రాసేది నేనే. తాడు చుట్టి పళ్లెం చంకలో పెట్టుకున్నాను.

ఇంటికి నడుస్తుండగా కొబ్బరితోట మలుపులో ఆగాడు. "అక్కకి సెప్పకు. నీ పుస్తకంలోనూ రాయకు. ఏటంటావు?"

సరేనన్నాను. రాయలేదు కూడా. ఆ తేదీ పక్కన ఇప్పటికీ ఖాళీ ఉంది. అలా రెండు వారాలు గడిచాయి. నాలుగుసార్లు వెళ్లాం. నేను అతని పక్కనే కూర్చున్నాను, పళ్లెం దించలేదు. నేను చూస్తుంటే తక్కువ తాగుతాడనుకున్నాను. అతను నీళ్లలోంచి ఒడ్డుకు రాకుండా దూరంగా జరిగేవాడు. మూడో వారం గురువారం బరువు ఐదు కిలోలు పెరిగింది. బావ సెంటర్ మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయాడు. ఊపిరి బుడగలు పోతున్నట్టు చప్పుడు చేసింది. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరిందని, ఇంకోసారి ఇలా వస్తే ఇక్కడిదాకా కూడా రాలేరని డాక్టరు అక్కతో చెప్పాడు. అక్క గోడకు ఆనుకుని నిలబడి, "నేనేటి తప్పు సేస్తన్నాను, అది సెప్పండి బాబూ," అంది.

అప్పుడు చెప్పేశాను. వరండాలోనే చెప్పాను. తేదీలు, బరువులు, ఎర రంగులు, ఎన్నిసార్లు వంగాడో ఆ లెక్క. వరసగా, ఏదీ వదలకుండా. నాకు ఇంకోలా చెప్పడం రాదు. అక్క ఏడవలేదు. ఇంటికి వచ్చి గాలపు కర్రనూ రేకు పెట్టెనూ అటక మీద పెట్టింది. నిచ్చెనను పక్కింట్లో, కుండ దగ్గర పెట్టింది.

తర్వాతి మూడు వారాలు నా పట్టికలో అన్నిటికంటే మంచివి. రెండు, ఒకటి పాయింట్ తొమ్మిది, ఒకటి పాయింట్ ఏడు. నర్సు అక్కను మెచ్చుకుంది. బావ నాతో మాట్లాడడం మానేశాడు. కోపంగా కాదు. నేను గదిలోకి వెళితే జరిగి చోటిచ్చేవాడు, అంతే.

నాలుగో వారం మంగళవారం ఉదయం ఆటో వచ్చి హారన్ కొట్టింది. మిగతా ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. బావ అరుగు మీద నుంచి లేవలేదు.

"ఎల్లిపోమను," అన్నాడు.

అక్క బతిమాలింది. కాళ్లు పట్టుకుంది. ఆటోలో ఉన్న పెద్దాయన దిగి వచ్చి, "నాకు అరవై దాటినాయి, నేనే ఎల్తన్నాను. నీకేటొచ్చిందిరా, లెగు," అని తిట్టాడు. బావ ఆయనకు దణ్ణం పెట్టాడు. లేవలేదు. గురువారమూ లేవలేదు. డాక్టరుతో ఫోన్లో మాట్లాడించాను. విన్నాడు, ఫోను నా చేతికి ఇచ్చాడు.

ఆ సాయంత్రం నేను పక్కింటి నుంచి నిచ్చెన తెచ్చి, అటక ఎక్కి పెట్టె దించాను. అతని పక్కన పెట్టి మూత తీశాను. నీళ్లు చూడకముందే పెట్టె తీయకూడదని తెలిసే తీశాను.

"బావా, మళ్లీ వెళ్దాం. ఏ రంగు కడతావో నీ ఇష్టం. నేను చూడను. శనివారం పొద్దున సెంటర్‌కి వస్తానను, సాయంత్రం బీలకు వెళ్దాం. వారానికి రెండుసార్లు కాదు, రోజూ వెళ్దాం."

అతను ఒక్కొక్క ఎరనూ వేలితో కదిపాడు. రాగి రేకును తీసి వెలుతురుకు పట్టి చూశాడు. మళ్లీ దాని అరలోనే పెట్టాడు.

"ఇకమీదట నువ్వు నా సెయ్యినే సూస్తావురా. నేనూ నా సెయ్యినే సూసుకుంటాను. సేపని ఎవుడు సూస్తాడు?"

మూత తనే మూశాడు. వారాల తర్వాత అతను నాతో అన్న మాటలు అవి. ఆఖరివి కూడా అవే.

శనివారం, మంగళవారం కూడా ఆటో వచ్చి వెళ్లింది. అప్పటికే తొలకరి పడింది. బీల నిండుతోందని దారిన పోయేవాళ్లు చెప్పుకుంటున్నారు. బావ కాళ్లు, ముఖం ఉబ్బిపోయాయి. మంగళవారం ఆటో వెళ్లిపోయాక అక్క పక్కింటికి వెళ్లి కుండ తెచ్చింది. నిండా నీళ్లు పోసి మంచం పక్కన పెట్టి, మీద గ్లాసు బోర్లించింది.

"తాగు మావా. ఎంత కావాలంటే అంత తాగు. నేనేటీ అనను. తాగు."

బావ కుండ వంక చూశాడు. తర్వాత కిటికీలో ఉన్న సీసాను చూపించాడు. ఎనిమిది గీతల సీసా. అక్క దాన్ని ఆరోజూ పొద్దున్నే అలవాటుగా నింపి పెట్టింది. ఆమె అందులోంచి గ్లాసులోకి వంచితే నాలుగు గుక్కలు తాగాడు, చాలన్నాడు. కుండలోవి ముట్టలేదు. అలా ఎందుకు చేశాడో అక్కకు తెలియదు. నాకూ తెలియదు. అడగడానికి ఆ సాయంత్రం దాకానే వ్యవధి ఉంది, ఇద్దరమూ అడగలేదు. చీకటి పడకముందే పోయాడు.

పదకొండో రోజు అయ్యాక నేను బీలకు వెళ్లి పళ్లెం దించాను. ఎర్రటి కొత్తనీరు. రెండు ముడులు మునిగేసరికి మాయమైంది. మబ్బు పట్టి ఉంది. పట్టిక ప్రకారం నల్ల కప్ప. కర్ర తీసుకెళ్లలేదు.

తిరిగి వచ్చేసరికి అక్క గది కడుగుతోంది. కిటికీలో సీసా ఇంకా అలాగే ఉంది, మూత బిగించి. పారబోయడానికి ఆమెకు చేతులు రాలేదు.

"నువ్వే ఏటన్నా సెయ్యి దీన్ని," అంది.

ల్యాబుకు తీసుకెళ్లాను. ఏం చేయాలో తెలియక, గీతలు గోళ్లరంగువి కాబట్టి సరిగ్గా ఉండవని, కొలిచే గాజు గొట్టంలోకి వంచి చూశాను. రెండుసార్లు చూశాను.

ఎనిమిది వందల్లో మిగిలినవి ఆరు వందల నలభై మిల్లీలీటర్లు.